నఫూలా తెచ్చుకున్న జుట్టు

ఆ చలికాలమంతా నఫూలా మనసు ఒక కుర్చీ మీదే ఉంది.

ఆ కుర్చీ బహ్రెయిన్‌లో, సనాబిస్ బజారులోని ఒక లేడీస్ సెలూన్‌లో, అద్దం ముందు, కిటికీ పక్కన ఖాళీగా ఉండేది. సెలూన్ యజమానురాలు బహ్రెయినీ స్త్రీ. పనివాళ్లందరూ ఆమెను మదామ్ అని పిలిచేవారు. చుట్టుపక్కల వీధుల్లో ఆఫ్రికా ఆడవాళ్ల సంఖ్య పెరుగుతోందనీ, వాళ్ల జుట్టు అల్లగలిగినవాళ్లు తన దగ్గర లేరనీ ఆమె గమనించింది. నఫూలా వెళ్లి పని అడిగినప్పుడు మదామ్ వెంటనే ఒప్పుకోలేదు, అలాగని తోసిపుచ్చనూ లేదు. శనివారం సాయంత్రం ఒక మనిషిని వెంటబెట్టుకుని రమ్మంది. సామాను కూడా తనదే తెచ్చుకోవాలి. ప్లాస్టిక్ జుట్టు పనికిరాదు, అసలు జుట్టు కలిపి అల్లి చూపించాలి. నచ్చితే నఫూలా వీసా కాగితాలు మదామ్ తన పేరు మీదికి మార్పించుకుంటుంది. నచ్చకపోతే ఖలాస్, మళ్లీ ఆ గుమ్మం ఎక్కకూడదు.

నఫూలా అప్పటికి పక్కనే ఉన్న సీఫ్‌లో ఒక ఎత్తయిన ఆఫీసు భవనంలో అంతస్తులు తుడిచే పనిలో ఉంది. ఆ పని మీద ఆమెకు చిన్నచూపు లేదు. ఆ పని చేసిన డబ్బుతోనే ఇంటి దగ్గర తల్లి పొయ్యి ఆరకుండా ఉంది. కానీ చీపురు ఎవరు పట్టుకున్నా నేల ఒకేలా మెరుస్తుంది. తన చేతులకు మాత్రమే తెలిసిన పని ఒకటుందని ఈ దేశంలో ఎవరికైనా తెలియాలని ఆమె కోరిక. కుర్చీ అంటే ఆమెకు అదే.

ఆమె పుట్టి పెరిగింది నైరోబీ నగరంలోని మథారేలో. వాగు పక్కన రేకుల గదులు ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడే మురికివాడ అది. అక్కడ ఒక మనిషికి ఒక వృత్తి అని ఉండదు, పూటకొకటి ఉంటుంది. తల్లి పొద్దున్నే పక్కనున్న ఈస్ట్‌లీ వైపు వెళ్లి, బట్టలు ఉతికించుకునే ఇళ్లవాళ్లు పిలుస్తారేమోనని రోడ్డు పక్కన కూర్చునేది. పిలుపు రాకపోతే తిరిగొచ్చి బొగ్గులమ్మేది. పక్కింటావిడ తెల్లవారగానే తియ్యటి పిండిముక్కలు నూనెలో వేయించి అమ్మేది. ఆ పొయ్యిలో నిప్పు చల్లారకముందే ఇంకొకామె మొక్కజొన్న గింజలూ బీన్సూ దాని మీదే ఉడకబెట్టుకుని మధ్యాహ్నపు బేరానికి వెళ్లేది. ఇంట్లో కుళాయి ఉన్నవాళ్లు డబ్బా లెక్కన నీళ్లు అమ్మేవారు. కరెంటు తీగ ఉన్నవాళ్లు ఫోన్లకు చార్జింగు పెట్టి ఇచ్చేవారు. ఏది కొన్నా చిన్న కొలతే. వంటనూనె గరిటెడు, సబ్బు చిన్న ముక్క, టీపొడి చిటికెడు. ఆ పద్ధతిని వాళ్లు కడోగో అంటారు, అంటే చిన్నది అని. బయటివాళ్లు దాన్ని లేమి అనుకోవచ్చు. రోజుకు వచ్చినదానిలోనే రోజును ఒడ్డెక్కించే నేర్పు అని నఫూలా అనుకునేది.

జుట్టు కూడా కడోగో లెక్కలోనే నడిచేది. వీధి మలుపులో గొడుగు కింద బల్ల వేసుకుని జడలల్లే ఆమె దగ్గర కూర్చుని చూస్తూ నఫూలా పని నేర్చుకుంది. తరువాత ఆ బల్ల ఆమెదే అయింది. కొత్త సవరం కొనే స్తోమతు ఎవరికుంటుంది? ఒక పెళ్లికి పెట్టుకున్న జుట్టును విప్పి, కడిగి, మళ్లీ కట్టలు కుట్టి ఇంకొకరి తలకు అమర్చేది. ముందువైపు కనిపించే మేరకు మాత్రమే పెట్టించుకునేవాళ్లు సగం కట్ట తీసుకునేవారు. ఆ సగం కట్టను తల నిండా ఉన్నట్టు భ్రమింపజేయడంలో మథారేలో నఫూలాకు పేరుండేది. బహ్రెయిన్ వచ్చేటప్పుడు బల్లను చెల్లెలికి అప్పగించి, తనకు మిగిలిన మేలైన జుట్టును మూడు కట్టలుగా ఒక గుడ్డసంచిలో తెచ్చుకుంది. ఎప్పటికైనా పనికొస్తుందన్న నమ్మకంతో దాన్ని మంచం కింద దాచుకుంది.

ఆ మంచం సనాబిస్‌లో ఒక పాత ఇంటి మేడమీది గదిలో ఉంది. గది కంపెనీది, మంచాలు కంపెనీవి, భాష మాత్రం గోదావరి జిల్లాలది. ఎందుకంటే మిగిలిన రెండు మంచాల్లో ఒకటి రాజోలు దగ్గరి సూర్యావతిది, రెండోది ఏలూరు పక్క పల్లెకు చెందిన తబితాది. సూర్యావతి యాభైకి దగ్గర పడ్డ మనిషి. సీఫ్‌లోనే ఒక ఆఫీసులో టీ కాచి అందిస్తుంది. తబితా ఆమెకంటే చిన్నది, నఫూలా పనిచేసే భవనంలోనే పనిచేస్తుంది, శుక్రవారం తెలుగు క్రైస్తవుల ఫెలోషిప్‌లో పాటలు ఎత్తుకుంటుంది. వాళ్లిద్దరి మాటలు వింటూ వింటూ నఫూలాకు తెలుగు వచ్చేసింది. ఉప్పు తక్కువైందని చెప్పడానికీ, స్నానానికి వంతు కోసం పోట్లాడడానికీ, అలిగినవాళ్లను బతిమాలడానికీ ఆ తెలుగు నిండుగా సరిపోయేది. అంతకుమించిన విషయాలకు వస్తే తడబడేది.

గురువారం సాయంత్రం డ్యూటీ దిగి నఫూలా మెట్లెక్కేసరికి సూర్యావతి గుమ్మంలోనే ఎదురైంది. ఆమె ఆఫీసు ఆ రోజు ఒంటిపూటే.

"రా, రా. నీ కోసమే చూత్తన్నాను. నీ సామాను ఎలా తయారుచేశానో చూడు."

"ఏ సామాను సూర్యక్కా?"

"మంచం కింద ఉన్నదేనే. అంత దుమ్మూ వాసనా ఏసుకుని ఎలా పడుకుంటన్నావో గానీ! రేపు శుక్రవారం కదా, ఎల్లుండి నువ్వు ఆవిడ దగ్గరికి వెళ్లాలి కదా అని, షాంపూ పెట్టి తలంటేశాను."

"తలంటేశావా?"

"రెండుసార్లు. బాగా రుద్ది మరీ. మొదళ్ల దగ్గర ఏవో మురికి దారాలుంటే తెంపి పారేశాను. చివర్లో కొబ్బరినూనె కూడా పట్టించాను. సొంత చెల్లెలి తలకి కూడా అంత ఓపిగ్గా పెట్టలేదు, తెలుసా?"

నఫూలా గదిని ఆనుకున్న డాబా మీద దండెం దగ్గరికి పరుగెత్తింది. అక్కడ ఆరేసి ఉన్నది కట్టలు కాదు. మూరెడు పొడవున ఏకంగా ముద్ద కట్టిన ఒక కాకిగూడు. ఆమె వేలు పెట్టి లాగి చూసింది. ముద్దంతా కలిసి వచ్చింది.

వెనకాలే వచ్చిన సూర్యావతి ముఖంలో ఉత్సాహం ఆరిపోయింది. "ఆరితే విడిపోద్దనుకున్నానే," అంది చిన్న గొంతుతో.

మథారేలో నిప్పంటుకుని రేకుల వరుసలు కాలిపోయినప్పుడు ముందు ఎవరూ ఏడవరు. ఏ రేకు మిగిలింది, ఏ గిన్నె పనికొస్తుంది అని చూస్తారు. నఫూలా కూడా గోడకు ఆనుకుని కూర్చుని ఆ ముద్దను ఒళ్లో వేసుకుని చూడసాగింది. పనికొచ్చేది ఏదీ కనిపించలేదు. అసలు జుట్టు రాజధాని మనామాలో అమ్ముతారు, కానీ అది ఆమె జీతానికి అందే వస్తువు కాదు. మథారే నుంచి తెప్పించుకునే వ్యవధి లేదు. శనివారం చేతులూపుకుంటూ వెళితే కుర్చీ పోయినట్టే.

అప్పుడే తబితా వచ్చింది. నఫూలా ఒళ్లోకి ఒకసారి, సూర్యావతి ముఖంలోకి ఒకసారి చూసింది.

"ఎవరు చేశారు ఈ పని?"

"మా అత్తగారొచ్చి చేసి వెళ్లింది," అంది సూర్యావతి ఏడుపు ఆపుకుంటూ. "ఇంకెవరు చేత్తారే? నేనే."

తబితా చేతిలోని సంచి కింద పెట్టి ముద్ద మీదికి వంగింది. ముట్టుకోవడానికి మాత్రం ఒక క్షణం ఆగింది. తరువాత వేళ్లు లోపలికి పోనిచ్చి కళ్లు మూసుకుంది.

"మొదళ్లూ కొనలూ కలిసిపోయినియ్ వదినా. ఆ దారం తెంపకుండా ఉండాల్సింది."

"దారం మురికిగా ఉందే!"

"ఆ మురికి దారమే దీని ప్రాణం."

"నీకెలా తెలుసు?"

"ఎలా తెలుసంటే ఏం చెప్పను? పెళ్లయిన కాడ్నించీ ఇక్కడికి వచ్చేదాకా నేను చేసింది ఇదే."

ఏలూరు చుట్టుపక్కల చాలా పేద ఇళ్లలో చిక్కు తీయడం ఒక జీవనాధారం. స్టీలు గిన్నెలు ఇస్తామని కేకలు వేస్తూ ఊరూరా తిరిగేవాళ్లు, ఆడవాళ్లు దువ్వుకుని చుట్టిపెట్టుకున్న ఊడు జుట్టును ఆ గిన్నెలకు మారుగా తీసుకుంటారు. ఆ ఉండలు బస్తాలుగా ఇళ్లకు వస్తాయి. ఆడవాళ్లు అరుగుల మీద కూర్చుని సూదితో ఒక్కొక్క ఉండనూ విప్పి, మొదళ్లు ఒకవైపుకు తెచ్చి, పొడవును బట్టి వేరు చేసి ఇస్తే అది ఓడలెక్కి దేశాలు దాటుతుంది. తబితా అరుగు కూడా అలాంటిదే. ఊరివాళ్లు ఆ వీధికి చిక్కు జుట్టు వీధి అని పేరు పెట్టారు. ఎవరి తలలోదో తెలియని దుమ్ము ముక్కులోకి పోయి, ఆమెకు ఏళ్లు గడిచేకొద్దీ దగ్గు పట్టుకుంది. అన్నం ముద్దలోనూ వెంట్రుకలే కనిపించేవి. ఫినాయిల్ వాసనే నయమనుకుని ఆమె బహ్రెయిన్ విమానం ఎక్కింది. ఇక్కడికొచ్చాక ఆ పని మాట ఎవరితోనూ ఎత్తలేదు. ఎవరూ అడగలేదు కూడా.

"రేపంతా కూర్చుంటే ఎంతో కొంత వత్తది," అంది తబితా. "ఫెలోషిప్‌కి రావడం లేదని ఎలియేజరు అన్నకి ఫోన్ చెయ్యాలి."

"ప్రార్థన మానేత్తావా? నువ్వా?" అంది సూర్యావతి.

"పాట ఇంకెవరైనా ఎత్తుకుంటారులే. ఇది ఎవరు తీత్తారు?"

శుక్రవారం పొద్దున్నే పని మొదలైంది. కింద కోల్డ్‌స్టోర్ అనే కిరాణా కొట్టు నడిపే మలయాళీ భాయ్ దగ్గర తబితా ఒక పండ్లపెట్టె చెక్కనూ గుప్పెడు మేకులనూ అడిగి తెచ్చింది. చెక్కకు మేకులు వరుసగా దిగ్గొట్టి, మొనలు పైకి ఉండేలా నేల మీద పెట్టింది. అదే దువ్వెన. తరువాత గోరువెచ్చటి నీళ్లలో గిన్నెలు తోమే సబ్బునీళ్లు కలిపి, ముద్దను అందులో ముంచుతూ తీస్తూ నూనె వదిలించింది. రుద్దడానికి చేయి చాపిన సూర్యావతి చేతి మీద చిన్నగా ఒకటి వేసింది.

"నువ్వు ముట్టుకోకు వదినా. నీ ప్రేమ చాలు."

"మరి నన్నేం చెయ్యమంటావే?"

"ఎండలో గుడ్డ పరిచి, విడదీసిన పాయల్ని దాని మీద పెట్టు. ఎగిరిపోకుండా కాపలా కాయి. ఇంకేమీ చెయ్యకు."

సూర్యావతి బుద్ధిగా వెళ్లి డాబా మీద గుడ్డ ముందు కూర్చుంది. పావురాలు వాలబోతే చీపురు ఎత్తి అదిలించింది.

జుట్టు ఎందుకు అలా ముద్ద కట్టిందో తబితా నఫూలాకు విప్పి చెప్పింది. వెంట్రుకకు కంటికి కనిపించని పొలుసులు ఉంటాయి. అవన్నీ మొదలు నుంచి కొన వైపుకు వాలి ఉంటాయి. అన్నీ ఒకే వైపుకు ఉన్నంతసేపు ఒకదాని పక్కన ఒకటి జారిపోతాయి. సగం తిరగబడితే ఒకదాన్నొకటి పట్టుకుని వదలవు. దారం తెగిన తరువాత రుద్దితే జరిగింది అదే.

"మరి ఏది మొదలో, ఏది కొనో ఎలా తెలుస్తది తబితక్కా? రెండూ ఒకలాగే ఉన్నాయి కదా!"

"ఇదిగో, ఒకటి తీసుకో. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి ముందుకీ వెనక్కీ రుద్దు. ఊరికే చూడు, లాగకు."

నఫూలా రుద్దింది. వెంట్రుక తనంతట తానే పురుగులా ఒకవైపుకు పాకడం మొదలుపెట్టింది. తిప్పి పట్టుకుని రుద్దింది. ఈసారి రెండోవైపుకు పాకింది.

"ఎటు పాకితే అటు మొదలు," అంది తబితా.

నఫూలా నోరు తెరుచుకుని చూసింది. చిన్నప్పటి నుంచీ జుట్టుతోనే బతికిన మనిషి. ఆమె చేతికి వచ్చేసరికి జుట్టు ఎప్పుడూ మొదళ్లు కలిపి కుట్టే ఉండేది. ఆ వరుస ఎక్కడో ఎవరో ఆడవాళ్లు వేళ్లతో కూర్చిందని ఆమెకు ఎన్నడూ తోచలేదు. మథారేలో అమ్మే జుట్టు అట్టల మీద ఇండియా అని రాసి ఉండేది. ఇండియా అంటే పొడవైన జుట్టున్న దేశం అని మాత్రమే ఆమె అనుకునేది.

ఆ మాట చెబితే డాబా మీది నుంచి సూర్యావతి అందుకుంది. "ద్వారకా తిరుమలలో మొక్కు తీర్చుకుని నేనిచ్చిన జుట్టే అయ్యుంటాది. అందుకే నా చెయ్యి తగలగానే ఊరుకోలేక చుట్టుకుపోయింది!"

"నీ జుట్టైతే ఇంత మెత్తగా ఉండదు వదినా," అంది తబితా.

ముగ్గురూ నవ్వారు. నవ్వు మధ్యలోనే తబితాకు దగ్గు తెర వచ్చింది. ఆమె చున్నీని ముక్కుకు అడ్డంగా బిగించి కట్టుకుంది, సూది మాత్రం వదల్లేదు. అప్పుడు నఫూలా ఆమె చేతుల వైపు కాకుండా ముఖం వైపు చూసింది. కళ్లు ఎర్రబడి ఉన్నాయి. ఏ పని నుంచి పారిపోయి సముద్రం దాటిందో ఆ పనే ఆమె ఒళ్లో ఉంది.

"తబితక్కా, నువ్వు ఆపెయ్యి. నాకు చూపించావు కదా, నేను తీత్తాను."

"నువ్వు తీస్తే వచ్చే శుక్రవారానికి అవుద్ది. ఆవిడ రేపు రమ్మంది."

"నీకు పడదు కదా ఇది."

"పడదు," అంది తబితా. "పరాయివాళ్ల కోసం చేసినప్పుడు పడలేదు. మాటలాపి ఆ పాయ ఇటివ్వు."

పనికి ఒక ఊపు కుదిరింది. నయమేమిటంటే వెంట్రుకలు విడివిడిగా కాక, ఎక్కువగా పాయకు పాయే తిరగబడ్డాయి. తబితా సూదితో ముద్దను సడలించి పాయలుగా విడదీసింది. నఫూలా రెండు మూడు వెంట్రుకలు రుద్ది చూసి మొదలు ఎటో చెప్పింది. తబితా దాన్ని మేకుల మీదుగా లాగి నునుపు చేసింది. ఎండలో ఆరిన పాయలను నఫూలా మళ్లీ దారంతో వరుసగా కుట్టుకుంటూ పోయింది. మధ్యాహ్నం సూర్యావతి పప్పుచారు అన్నం కలిపి ఇద్దరి నోళ్లకూ ముద్దలు పెట్టింది. వాళ్ల చేతులు ఖాళీ లేవు మరి. పొద్దు వాలేసరికి మూడు కట్టలలో ఒక కట్టకు కాస్త ఎక్కువ జుట్టు బాగుపడింది. మిగిలింది ఇక విడిపోయేది కాదని తబితా తేల్చేసింది.

"ఇది సరిపోద్దా?" అని భయంగా అడిగింది సూర్యావతి.

నఫూలా కట్టను అరచేతిలో ఆడించి చూసుకుంది. మదామ్ చూడబోయేది నిండు తల. చేతిలో ఉన్నది ముందువైపుకు చాలే జుట్టు. అది మథారే కొలత.

"సరిపోద్ది అక్కా," అంది. "మా ఊళ్లో దీంతో పెళ్లికూతుర్ని చేత్తాం."

శనివారం సాయంత్రం ఆమె పక్క గదిలోని ఉగాండా అమ్మాయిని వెంటబెట్టుకుని సెలూన్‌కు వెళ్లింది. కిటికీ పక్క కుర్చీలో ఆ అమ్మాయిని కూర్చోబెట్టి, నడినెత్తి మీదా వెనుకా ఆమె సొంత జుట్టునే సన్నగా, తలకు అంటిపెట్టుకునేలా అల్లింది. తెచ్చిన జుట్టును నుదుటి నుంచి చెవుల దాకా మాత్రమే కలిపి, ఆ పాయలను భుజాల మీదుగా వెనక్కి వదిలింది. ఎటు నుంచి చూసినా తల నిండుగా కనిపించింది. మదామ్ దగ్గరికి వచ్చి వేళ్లను నుదుటి దగ్గర జుట్టులో పెట్టి కిందిదాకా లాగింది. వేళ్లు ఎక్కడా ఆగలేదు. మళ్లీ లాగింది. అప్పుడు జుట్టు ఎవరు తయారుచేశారని అడిగింది.

తానే అని చెప్పుకోవచ్చు. నఫూలా అలా చెప్పలేదు. తన గదిలో ఉండే ఇద్దరు ఇండియా అక్కలూ తానూ కలిసి చేశామంది.

మదామ్ నవ్వింది. "జైన్," అంది, బాగుంది అని. ఆదివారం కాగితాలు తీసుకుని రమ్మంది. సెలూన్ వెనుక గదిలో మంచం కూడా ఉందని చెప్పింది.

గదికి వచ్చి ఆ వార్త చెప్పాక నఫూలా ఇద్దరికీ కృతజ్ఞత చెప్పబోయింది. నీళ్ల డబ్బా మోసిపెట్టిన పిల్లవాడికి కూడా అసాంతే అనకుండా పంపని ఊరిలో పెరిగింది ఆమె. కానీ సూర్యావతి మధ్యలోనే కసిరేసింది.

"థాంక్సులేంటే మనలో మనకి? పరాయిదానిలాగా! నాలుగు వీధుల అవతలికి వెళ్తన్నావు, అంతే కదా. రోజూ అన్నానికి రా."

తబితా చేతులు కడుక్కోవడానికి వెళ్లిపోయింది. రెండు రోజులుగా ఆమె చేతులు కడుక్కుంటూనే ఉంది. ఇంత పెద్ద మేలు తీసుకుని ఒక్క మాట కూడా తిరిగి ఇవ్వలేకపోవడం నఫూలాకు కొత్త.

మరుసటి శుక్రవారం ఫెలోషిప్ హాలులో పాటల తరువాత, ప్రార్థన నడిపించే ఎలియేజరు లేచి నిలబడ్డాడు. సాక్ష్యం చెప్పేవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగాడు. దేవుడు తమ పట్ల చేసిన మేలును నలుగురిలో నిలబడి చెప్పే ఆనవాయితీ అది. నఫూలా తబితా చెవి దగ్గరికి వంగింది.

"చెప్పనా?"

"ఏం చెప్తావే?"

"చిక్కు సంగతి."

తబితా ముఖం ఎర్రబడింది. "చెప్పు. నా పేరు మాత్రం నెమ్మదిగా చెప్పు."

నఫూలా లేచింది. వెనుక వరుసలో, ఎప్పుడూ ఆ హాలుకు రాని సూర్యావతి పులిహోర డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది.

"అందరికీ వందనాలండి. నా పేరు నఫూలా అండి. నాకు కుర్చీ వచ్చిందండి."

హాలు గొల్లుమంది. ఆమె కూడా నవ్వి, మళ్లీ అందుకుంది.

"పోయిన శుక్రవారం తబితక్క ఇక్కడికి రాలేదు కదండి, అది నా వల్లేనండి. నా జుట్టు చిక్కు పడిపోతే అక్క తీసిందండి. అక్కకి ఆ పని పడదండి, దగ్గొస్తది. ఆ పని వద్దనే ఇంత దూరం వచ్చింది. నాకోసం మళ్లీ ముట్టుకుందండి. దేవుడికి నేను రోజూ చెప్పుకుంటానండి, మా భాషలో. ఆయనకి అర్థమవుద్ది. వీళ్లకి చెప్పబోతే తిడతన్నారండి. అందుకని ఇక్కడ చెప్తన్నాను. ఇక్కడైతే నా నోరు మూయించలేరు కదా."

"పాడుచేసింది నేనే, అదీ చెప్పు!" అని వెనుక నుంచి కేక వినిపించింది.

"అవునండి, సూర్యక్క పాడుచేసిందండి," అంది నఫూలా. "తన చెల్లెలి తల అనుకుని తలంటిందండి. ఈ దేశంలో నా సామాను అంత ప్రేమగా పాడుచేసేవాళ్లు నాకు ఇంకెవరున్నారండి?"

ఎలా ముగించాలో తెలియక నిలబడిపోయింది. చివరికి ఎలియేజరే ఆమెన్ అన్నాడు. అందరూ అన్నారు. ఆ తరువాత పాట ఎత్తుకోవాల్సింది తబితా. ఆమె చున్నీతో ముఖం తుడుచుకుని, గొంతు సవరించుకుని, ఎవరికీ అందనంత పైస్థాయిలో ఎత్తుకుంది. హాలంతా నవ్వుకుంటూనే ఆ గొంతు వెంట పడింది.